బొడ్డు కింద రెండు గాట్లు

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి వరంగల్ రోడ్డు మీద నారపల్లి దాకా రోజూ వచ్చిపోయేవాళ్ళకి చదువుకోవడానికి హోర్డింగులకి కొదవ లేదు. 2018లో ఫ్లైఓవరుకి శంకుస్థాపన చేసినప్పటినుంచీ ఏళ్ళ తరబడి ఆ పిల్లర్ల పక్కన ట్రాఫిక్కులో ఆగీ ఆగీ నేను వాటిలో డాక్టరేటు చేసేశాను. మొత్తం మూడు రకాలు. ఓపెన్ ప్లాట్లు, ఐఐటీ కోచింగులు, సంతాన సాఫల్య కేంద్రాలు. ఈ మూడో రకం మీద ఎప్పుడూ ఒక తల్లీ, ఒక బిడ్డా, కింద "కుట్లు ఉండవు, నొప్పి ఉండదు, అదే రోజు ఇంటికి" అన్న తరహా వాక్యం ఒకటీ ఉంటాయి.

ఆ "అదే రోజు ఇంటికి" అన్న మాట నేను మొదట విన్నది హోర్డింగు మీద కాదు, మా అమ్మ నోట. 1986లో అమ్మకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపించారు. 2013లో మా ఆవిడకి పిల్లలు పుట్టడం కోసం ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపించారు. ఇద్దరికీ గాటు ఒకే చోట, బొడ్డు కింద. లోపలికి పంపిన పరికరం కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి ఆపడానికి, ఇంకోటి పుట్టించడానికి! ఈ వింత ఏమిటో చూద్దామని కూర్చుంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. కాస్త ఓపిక పట్టండి, చివర్లో నా గురించి కూడా ఒక ముక్క ఉంది.

మనిషి శరీరంలోకి దీపం పెట్టి చూడాలన్న ఆలోచన ఫిలిప్ బొజ్జీని అనే జర్మన్ డాక్టరుది. 1806 ప్రాంతంలో ఈయన ఒక డబ్బా తయారుచేశాడు. లోపల మైనపు వత్తి, వెనక ఒక అద్దం, ముందు ఒక గొట్టం. వియన్నాలో చూపిస్తే అక్కడి వైద్య పండితులు పెదవి విరిచారు. పాపం 1809లో టైఫస్ జ్వరం పట్టుకుని 35 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాత 1853లో పారిస్ లో దెసొర్మో అనే ఆయన ఆల్కహాలు, టర్పెంటైను కలిపిన దీపంతో ఇంకాస్త పనికొచ్చే గొట్టం చేశాడు. 1869లో పాంటలియోనీ అనే డాక్టరు అలాంటి గొట్టంతో అరవయ్యేళ్ళ ఆవిడ గర్భసంచి లోపలికి చూసి, అక్కడున్న పాలిప్ ని సిల్వర్ నైట్రేట్ తో కాల్చాడు. ఈ రోజు మనం హిస్టెరోస్కోపీ అంటున్నదానికి అదే మొదలు.

అంటే ఆడదాని గర్భసంచి లోపలికి కన్నుపెట్టి చూడటం 1869 దాకా మనిషికి చేతకాలేదు. మరి మగవాడి వైపు? వీర్యకణాల్ని మైక్రోస్కోపు కింద లేవెన్‌హుక్ చూసింది 1677లో! దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు. గాటు అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, ఒక చుక్కా ఒక భూతద్దమూ చాలు. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోండి, 1677, 1869. మళ్ళీ వస్తాను.

పిల్లలు పుట్టకపోతే కత్తి పట్టుకోవడం మాత్రం లోపలికి చూడటం బాగా రాకముందే మొదలైంది. అమెరికాలో మేరియన్ సిమ్స్ అని ఒక పెద్ద సర్జన్. 1866లో గర్భాశయ సర్జరీ మీద పుస్తకం వేశాడు, ముఖ్యంగా సంతానం లేకపోవడాన్ని ఎలా సరిచెయ్యాలన్న దాని గురించి. గర్భసంచి మూతి ఇరుగ్గా ఉంటే పిల్లలు పుట్టరు కాబట్టి దాన్ని కోసి వెడల్పు చెయ్యాలన్నది ఆయన సిద్ధాంతాల్లో ఒకటి. చాలామందికి కోశాడు కూడా. ఆ సిద్ధాంతం తర్వాత నిలబడలేదు. ఈయన చెయ్యి తిరిగింది ఎవరి మీదంటే, 1840ల్లో అలబామాలో ఉన్న నల్లజాతి బానిస స్త్రీల మీద, అదీ మత్తు లేకుండా. వాళ్ళలో ముగ్గురి పేర్లు మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. 2018లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి ఆయన విగ్రహాన్ని తీసేశారు. ఆయన పేరు మీదున్న స్పెక్యులమ్ మాత్రం మన గైనకాలజిస్టుల ట్రేలో ఇవాళ్టికీ ఉంది.

చిత్రం ఏమిటంటే, మైక్రోస్కోపులో మగవాడి వైపు కూడా చూడాలని గట్టిగా చెప్పిన తొలితరం డాక్టర్లలో ఇదే సిమ్స్ ఒకడు. ఆయన చెప్పినవాటిలో జనానికి ముందు ఎక్కింది మాత్రం కత్తే.

ఇక పొట్టలోకి చూసే లాప్రోస్కోపీ సంగతి. 1901లో కెల్లింగ్ కుక్క మీద, 1910లో స్వీడన్ లో యాకొబేయస్ మనుషుల మీద ప్రయోగాలు చేశారు. ఆడవాళ్ళ వైద్యంలోకి దాన్ని పద్ధతిగా తెచ్చింది రౌల్ పామర్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్ లో, పిల్లలు లేని ఆడవాళ్ళ పొట్టలోకి టెలిస్కోపు పంపి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా లేదా అని చూసేవాడు. ఆయన అసలు ఉద్దేశం సంతానలేమికి కారణం వెతకడమే. అదే పామర్ 1962లో అదే గొట్టంతో ట్యూబుల్ని కరెంటుతో కాల్చి పిల్లలు పుట్టకుండా చెయ్యడం ఎలాగో కూడా రాశాడు.

పామర్ దగ్గర పని చూసి నేర్చుకున్న ఇంగ్లీషు డాక్టరు పాట్రిక్ స్టెప్టో 1967లో లాప్రోస్కోపీ మీద పుస్తకం రాశాడు. ఆయన కూడా దీన్ని స్టెరిలైజేషన్లకి వాడినవాడే. కేంబ్రిడ్జిలో రాబర్ట్ ఎడ్వర్డ్స్ కి అండాన్ని బయట ఫలదీకరణ చెయ్యడం తెలుసు, ఆ అండాన్ని పొట్టకొయ్యకుండా బయటికి తియ్యడం ఎలాగో తెలీదు. స్టెప్టోకి అది తెలుసు. వీళ్ళిద్దరూ, ల్యాబు పని చూసుకున్న జీన్ పర్డీ కలిస్తే 1978 జులై 25న లూయీస్ బ్రౌన్ పుట్టింది. ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ. కలకత్తాలో సుభాష్ ముఖర్జీ శ్రమతో "దుర్గ" పుట్టింది కూడా అదే ఏడు అక్టోబరు 3నే. ఆయన్ని మనవాళ్ళు ఎలా అవమానించారో, 1981లో ఆయన ఎలా పోయాడో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇలా ఒకే పరికరంతో మొదట్నుంచీ రెండు పనులూ. యూరప్ లో దాన్ని ఏ పనికి వాడాలన్నది చాలావరకు ఆ ఆడమనిషి ఇష్టాన్ని బట్టి ఉండేది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ నిర్ణయం టార్గెట్ల చేతికి పోయింది.

ఎమర్జెన్సీ సంగతి తెలిసిందే. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షల పైచిలుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో సుమారు 62 లక్షలు మగవాళ్ళవి, వేసెక్టమీలు. 1977 ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోవడానికి ఇదో పెద్ద కారణం అంటారు. మన ఆంధ్రప్రదేశ్ లో మాత్రం 42కి 41 సీట్లు కాంగ్రెస్ కే వచ్చాయి, అది వేరే కథ. మొత్తానికి ఆ దెబ్బతో ప్రభుత్వాలు మళ్ళీ మగవాడి జోలికి పోవడం బాగా తగ్గించాయి. టార్గెట్లు మాత్రం పోలేదు. మరి ఎవరితో పూర్తి చెయ్యాలి? ఆడవాళ్ళతో. దానికి సరిగ్గా సమయానికి దొరికింది లాప్రోస్కోపు. 1970ల్లో జాన్స్ హాప్‌కిన్స్ లో యూన్ అనే డాక్టరు ట్యూబుకి తొడిగే చిన్న సిలాస్టిక్ రింగు కనిపెట్టాడు. అమెరికా సాయంతో వేల లాప్రోస్కోపులు పేద దేశాలకి వచ్చాయి, డాక్టర్లకి శిక్షణ ఇచ్చారు.

బొడ్డు కింద సూది గుచ్చి గ్యాసుతో పొట్ట ఉబ్బించడం, టెలిస్కోపు ఒక రంధ్రంలోంచి, రింగు తొడిగేది ఇంకో రంధ్రంలోంచి. డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ, మన ఆసుపత్రుల భాషలో డీపీఎల్. చెయ్యి తిరిగిన డాక్టరుకి కొద్ది నిమిషాల పని. అందుకే అది క్యాంపులకి అంత బాగా సరిపోయింది.

మా ఊరు భువనగిరి దగ్గర. అమ్మకప్పుడు 24 ఏళ్ళు, నాకు నాలుగు, తమ్ముడికి ఏడాదిన్నర. నర్సమ్మ ఇంటికొచ్చి పేరు రాసుకుంది. జీపులో తీసుకెళ్ళారు. "వరసగా పండవెట్టిండ్రు బిడ్డా, ఒకలి తర్వాత ఒకలిని. లేసేసరికి పొద్దు గూకలేదు" అంటుంది అమ్మ. చేతిలో కొన్ని డబ్బులు పెట్టి పంపించారు. నాన్న మర్నాడు పొలానికి పోయాడు. మగవాడు ఆపరేషన్ చేయించుకుంటే బరువులు ఎత్తలేడని ఊళ్ళో అందరికీ గట్టి నమ్మకం. అమ్మ వారం తిరక్కుండా నీళ్ళ బిందె ఎత్తింది, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అమ్మ బాగానే బయటపడింది. అందరూ పడలేదు. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్ లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో కొద్ది గంటల్లో 83 మందికి ఇదే ఆపరేషన్ చేశారు. తర్వాతి రోజుల్లో 13 మంది చనిపోయారు. అదే నెలలో ఒడిశాలోని అంగుల్ జిల్లాలో పొట్ట ఉబ్బించడానికి సైకిల్ పంపు వాడారు. మీరు సరిగ్గానే చదివారు, సైకిల్ పంపే. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల్ని మూడేళ్ళలో ఆపెయ్యమంది. 2022 ఆగస్టు 25న, నారపల్లికి గంట దూరం కూడా లేని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్న చిన్న పిల్లల తల్లులు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్ లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం చుట్టూ. దేశం మొత్తంలో మగవాళ్ళ ఆపరేషన్? 0.3 శాతం. ఆ రెండిట్లో చిన్నదీ, ప్రమాదం తక్కువదీ మాత్రం మగవాళ్ళదే.

ఇప్పుడు రెండో గాటు సంగతి.

గర్భసంచి లోపల ఆపరేషన్ చెయ్యడానికి పాంటలియోనీ తర్వాత ఇంకో వందేళ్ళు పట్టింది. కారణం, గర్భసంచి బెలూన్ లాంటిది కాదు. గోడలు మందం, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ముట్టుకుంటే రక్తం. దాన్ని తెరిచి పట్టుకోవడానికి సరైన ద్రవం కావాలి. 1970లో స్వీడన్ లో ఎడ్‌స్ట్రోమ్, ఫెర్న్‌స్ట్రోమ్ చిక్కటి డెక్స్‌ట్రాన్ ద్రవం వాడి దారి చూపించారు. 1976లో అమెరికాలో న్యూవిర్త్, అమీన్ లోపలి ఫైబ్రాయిడ్లని కింది నుంచే తీసేశారు. దానికి వాడిన రిసెక్టోస్కోపు అసలు మగవాళ్ళ ప్రోస్టేట్ కోసం తయారైంది.

దీని విలువ తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అంతకు ముందు గర్భసంచిలో అడ్డుపొర ఉంటే పొట్ట కోసి, గర్భసంచిని చీల్చి, మళ్ళీ కుట్టేవారు. తర్వాత కాన్పు వస్తే సిజేరియనే. ఇప్పుడు కొన్ని మిల్లీమీటర్ల గొట్టంతో, సెలైన్ నీళ్ళతో, అర గంటలో. డీఎన్‌సీలో ఎక్కువ గీకెయ్యడం వల్ల గోడలు అతుక్కుపోతాయి, దీన్ని 1948లో ఆషర్‌మన్ వివరంగా రాశాడు. మన దేశంలో గర్భసంచి టీబీ వల్ల కూడా అతుక్కుపోతాయి. ఆ అతుకుల్ని కంటితో చూస్తూ విడదియ్యడం హిస్టెరోస్కోపీ వల్లే కుదిరింది. 2005లో మాడ్రిడ్ లో 215 మంది మీద చేసిన అధ్యయనంలో ఐయూఐకి ముందు పాలిప్ తీసేసినవాళ్ళలో 63 శాతం మందికి గర్భం వస్తే, తియ్యనివాళ్ళలో 28 శాతం మందికే వచ్చింది. అంటే దొరికిన సమస్యకి సర్జరీ మంచి మందే.

గొడవంతా సమస్య దొరక్కముందే చేసే సర్జరీతో. "ఎలాగూ మత్తు ఇస్తున్నాం కదా, ఒకసారి లోపల కూడా చూసేద్దాం" అనే రకం. దీన్ని కూడా పరీక్షించారు. 2016లో లాన్సెట్ లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. స్కాన్ లో గర్భసంచి మామూలుగా ఉన్న ఆడవాళ్ళకి ఐవీఎఫ్ ముందు హిస్టెరోస్కోపీ చేస్తే ఏమైనా లాభమా అని. యూరప్ లో 702 మంది మీద చేసినదాంట్లో బిడ్డ పుట్టింది చేసినవాళ్ళలో 29 శాతం, చెయ్యనివాళ్ళలోనూ 29 శాతమే. నెదర్లాండ్స్ లో 750 మంది మీద చేసినదాంట్లో 57, 54. అది లెక్కలోకి తీసుకునేంత తేడా కాదు. అడ్డుపొర కోసెయ్యడం మీద 2021లో ఒక అధ్యయనం వచ్చింది. 80 మందే కాబట్టి చిన్నది, దాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి. కానీ కోసినవాళ్ళలో 31 శాతం, కొయ్యనివాళ్ళలో 35 శాతం. నలభై ఏళ్ళపాటు అందరూ చేసిన ఆపరేషన్ కి ఇలాంటి పరీక్ష పెట్టింది అప్పుడే! మన భాషలో చెప్పాలంటే, ముందు ప్రొడక్షన్ లో పెట్టేసి, నలభై ఏళ్ళ తర్వాత టెస్ట్ కేసు రాశారన్నమాట.

సరే, నా ముక్క చెప్తానన్నాను.

మాకు 2009లో పెళ్ళయింది. మా ఆవిడా సాఫ్టువేరే. మూడేళ్ళు దాటాక ఒక ఆసుపత్రికి వెళ్ళాం. రక్త పరీక్షలు, స్కానులు, ట్యూబుల ఎక్స్‌రే. 2013లో లాప్రోస్కోపీ, హిస్టెరోస్కోపీ కలిపి చేశారు. నీలం రంగు ద్రవం పంపితే రెండు ట్యూబుల్లోంచీ చక్కగా వచ్చిందన్నారు. అంతా నార్మల్. మరుసటి ఏడు "చిన్న పొర లాంటిది ఉందేమో" అని రెండోసారి హిస్టెరోస్కోపీ. పొర లేదు. తర్వాత ఎవరో చెబితే ఇంకొక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మా ఫైలు మొత్తం తిరగేసి, కళ్ళజోడు తీసి, "మీ ఆయన రిపోర్టు ఏదమ్మా?" అంది.

లేదు. రెండేళ్ళు, రెండు సార్లు మత్తు, నాలుగు అంగుళాల మందం ఫైలు. అందులో నా పేరు మీద ఒక్క కాగితం లేదు, బిల్లులు తప్ప.

ఆసుపత్రివాళ్ళు అడగలేదు, నిజమే. కానీ నేను ఆఫీసులో చేసే పనే రూట్ కాజ్ అనాలిసిస్. రెండు సిస్టమ్స్ మాట్లాడుకోకపోతే రెండిటి లాగ్సూ చూడమని జూనియర్లకి క్లాసులు పీకేవాడిని. గూగుల్ లో కూడా వెతికాను. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో మగవాడి పాత్ర కూడా ఉంటుందని మొదటి పేజీలోనే ఉంది. చదివి ట్యాబు మూసేశాను. మా ఆవిడని రెండోసారి థియేటర్ లోకి పంపడం నాకు ఆ పరీక్ష కంటే తేలిగ్గా అనిపించింది. అది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఉప్పల్ లో ఒక ల్యాబులో చేయించుకున్నాను. కొన్ని వందల రూపాయలు. మిల్లీలీటరుకి కనీసం కోటిన్నర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పెట్టిన లెక్క, 2021లో దాన్ని కోటీ అరవై లక్షలు చేశారు. నాకు అందులో పదో వంతు కూడా లేదు.

మా ఆవిడ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు అంది, "నాకు రెండు సార్లు మత్తిచ్చారు. నీ చేతికి ఒక్క డబ్బా ఇవ్వడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు." తర్వాత ఏమైందన్నది మా ఇద్దరి విషయం. ఇంతవరకే రాయమంది, ఇంతవరకే రాస్తున్నాను.

అమ్మకి చెప్పక తప్పలేదు, అప్పటిదాకా కోడలికి నోములు చెప్తోంది మరి. విని చాలాసేపు కూర్చుంది. కోడలి దగ్గరికి వెళ్ళి చీర కాస్త పక్కకి జరిపి, "నాకు గూడ గీడ్నే కోసిండ్రు బిడ్డా" అని చూపించింది. తర్వాత నా వైపు తిరిగి, "అప్పుడు మీ నాయినను గూడ ఎవలు అడగలే" అంది.

1677, 1869 గుర్తున్నాయా? మగవాడి వైపు చూసే పరికరం రెండు శతాబ్దాల ముందే వచ్చింది. అయినా 1986లో ఆపడానికీ, 2013లో పుట్టించడానికీ టేబుల్ ఎక్కింది ఆడమనిషే. పరికరం తప్పు కాదిది. దాని వెనక ఎవరూ అడగని ఒక ప్రశ్న ఉంది, ఆ అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

కాబట్టి పెళ్ళయి ఏడాది దాటి, పిల్లల కోసం చూస్తూ, నాలాగే ట్యాబు మూసేసిన మిత్రులకి. మీ ఆవిడకి ఎవరైనా "ఒకసారి లోపల చూద్దాం" అంటే మూడు అడగండి. స్కాన్ లో ఏం కనపడింది? అది తీసేస్తే బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని ఎక్కడ తేలింది? నా రిపోర్టు చూశారా? ఆ మూడోదానికి జవాబు ముందు మీ దగ్గరే ఉండాలి. రెండు నుంచి ఏడు రోజులు ఆగి ఇవ్వాలి, ఇంట్లో తీసుకుంటే గంట లోపల ల్యాబుకి చేర్చాలి. ఉప్పల్ లోనో నాచారంలోనో మీకు దగ్గర్లో ల్యాబు ఉండే ఉంటుంది. ఆఫీసుకి సెలవు కూడా పెట్టక్కర్లేదు.